పాత కార్లలో ‘మిస్సింగ్’ నిర్ధారణ: కోడుమూరు ప్రాంత మెకానిక్కుల వృత్తిభాష – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పెట్రోలు ఇంజన్‌లో ఏదైనా సిలిండర్ తన వంతు మంట తప్పడాన్ని రాయలసీమ మోటారు షెడ్లలో ‘మిస్సింగ్’ అంటారు. కంప్యూటర్ పరికరాలు లేని కాలంలో ఈ లోపాన్ని మెకానిక్కులు చెవితో, చేతితో, ప్లగ్గు రంగుతో గుర్తించారు. ఆ పరిజ్ఞానం గ్రంథస్థం కాలేదు. అది వారి మాటల్లో, పనిచేసే వరుసలో నిలిచింది. కర్నూలు జిల్లా కోడుమూరు ప్రాంతాన్ని ఆధారం చేసుకొని, అంబాసిడర్ వంటి పాత కార్లలో మిస్సింగ్ నిర్ధారణ పద్ధతి ఎలా ఏర్పడింది, దానిని మోసిన తెలుగు ఎలాంటిది, 2000 తరువాత ఇంధనం, యంత్రం మారినప్పుడు ఆ పద్ధతికి ఏమైంది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భాగాల పేర్లు ఇంగ్లీషువి, షెడ్డు వ్యవహారపు పేర్లలో పలు ఉర్దూవి అయినా, రోగలక్షణాన్ని చెప్పే క్రియలు తెలుగువేనని, అవి ఎద్దులబండి కాలం నుంచి వచ్చినవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మిస్సింగ్, అంబాసిడర్, వృత్తిపదజాలం, కోడుమూరు, రాయలసీమ మాండలికం, మౌఖిక విజ్ఞానం.

1. ఉపోద్ఘాతం:

కర్నూలు నుంచి గోనెగండ్ల, ఎమ్మిగనూరు వైపు వెళ్ళే దారిలో, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కోడుమూరు ఉంది. హంద్రీ నది పరీవాహక ప్రాంతం, నల్లరేగడి చేలు, వానకోసం చూసే వ్యవసాయం, చేనేత మగ్గాలు ఈ ప్రాంతానికి గుర్తులు. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. ఇలాంటి ఎండలో, మిట్టలూ పల్లాలూ ఉన్న దారిలో పాత పెట్రోలు కారు నడపడం ఇంజన్‌కూ, నడిపేవాడికీ పరీక్షే.

ఈ వ్యాసకర్త కోడుమూరులో గమనించిన ఒక సందర్భంతో విషయంలోకి ప్రవేశించవచ్చు. ఒక కుటుంబం భద్రపరచుకున్న పాత పెట్రోలు అంబాసిడర్ కారు షెడ్డుకు వచ్చింది. డ్రైవరు చెప్పిన ఫిర్యాదు ఇది: “సల్లగున్నప్పుడు బాగనే పోతాది భాయ్. కాగినాక మిస్సింగ్ కొడ్తాంది. మిట్టెక్కేటప్పుడు లాగల్యా.” పెట్రోలులో కచరా పడి ఉంటుందని, కార్బ్యురేటర్ విప్పి కడగాలని కారు యజమాని అభిప్రాయం. వృద్ధుడైన మెకానిక్కు కార్బ్యురేటర్ జోలికి పోలేదు. ఇంజన్ నడిపించి, వెనక్కి వెళ్ళి, సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో అరచేయి పెట్టి కొద్దిసేపు నిలబడ్డాడు. తరువాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “ఒకటి తప్పుతాందా, నాలుగూ తప్పుతాండాయా?”

డ్రైవరు చెప్పిన మూడు వాక్యాల్లో లోపం ఎప్పుడు వస్తుంది, ఎలా వినిపిస్తుంది, ఎక్కడ బయటపడుతుంది అనే మూడు విషయాలూ ఉన్నాయి. మెకానిక్కు ప్రశ్నలో నిర్ధారణ పద్ధతి మొత్తం ఉంది. ఈ భాషకూ, ఈ పద్ధతికీ చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. చారిత్రక నేపథ్యం:

స్వాతంత్ర్యానికి పూర్వం మద్రాసు రాజధానిలో భాగమైన దత్తమండల జిల్లాల్లో మోటారు వాహనం అంటే ప్రధానంగా ప్రైవేటు బస్సు, అధికారుల కారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో పెట్రోలు కొరత రావడంతో బస్సులకు బొగ్గుతో వాయువును తయారుచేసే పొయ్యిలు అమర్చారు. ‘బొగ్గు బస్సు’ అనే మాట ఆ తరం జ్ఞాపకాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. బొగ్గు వాయువుకు శక్తి తక్కువ, మసి ఎక్కువ. పెట్రోలుకోసం తయారైన ఇంజన్‌ను మరో ఇంధనంతో నడిపించవలసి వచ్చిన ఆ అనుభవం డ్రైవర్లకూ మెకానిక్కులకూ తొలి పాఠశాల వంటిది. యుద్ధానంతరం సైన్యం వదిలించుకున్న జీపులు, లారీలు ప్రజల చేతికి వచ్చాయి.

స్వాతంత్ర్యం తరువాత పరిస్థితి మారింది. 1942లో ఏర్పడిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో బ్రిటన్‌కు చెందిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాలను తయారుచేసింది. 1954లో ల్యాండ్‌మాస్టర్, 1957-58లో అంబాసిడర్ వచ్చాయి. తొలి అంబాసిడర్లలో 1476 సి.సి. సైడ్‌వాల్వ్ ఇంజన్ ఉండేది. కొద్దికాలానికే దాని స్థానంలో 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది. 1944లో ఏర్పడిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ బొంబాయిలో ఇటలీకి చెందిన ఫియట్ 1100 నమూనాలను తయారుచేసింది. అవే 1970లలో ప్రీమియర్ పద్మిని పేరుతో కొనసాగాయి. ఈ రెండు కార్లతోపాటు విల్లీస్ నమూనా జీపు మూడు, నాలుగు దశాబ్దాలపాటు రాయలసీమ రోడ్లను ఏలాయి.

1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 వరకు కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని. రాజధాని హైదరాబాదుకు తరలినా జిల్లా కేంద్రంగా కర్నూలు నిలిచింది. మంత్రాలయానికి వచ్చే యాత్రికులు, ఆదోని పత్తి వ్యాపారులు, పెళ్ళిబృందాలు అద్దె కార్లకు గిరాకీ కల్పించారు. కర్నూలు నుంచి పడమటికి పోయే దారుల్లో షెడ్లు ఏర్పడటానికి ఇది ఒక కారణం.

ఆ కాలపు ఆర్థికవిధానం మరో కారణం. కారు దిగుమతి దాదాపు అసాధ్యం. కొత్త కారుకోసం ఏళ్ళ తరబడి నిరీక్షించాలి. కాబట్టి ఉన్న కారును పారేసే ప్రశ్నే లేదు. 1951లో బెంగళూరులో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ తయారుచేసిన ‘మైకో’ ప్లగ్గులు, 1960లలో మద్రాసు శివారులో మొదలైన లూకాస్-టీవీఎస్ విద్యుత్ పరికరాలు చిన్న పట్టణాలకూ చేరాయి. ఒకే నమూనా ఇంజన్ దశాబ్దాలపాటు మారకుండా ఉండటం వినియోగదారుడికి నష్టమే కావచ్చు. మెకానిక్కుకు మాత్రం అది వరం. ఒకసారి నేర్చిన పాఠం ముప్పై ఏళ్ళు పనికొచ్చింది. అలా స్థిరపడిన పాఠమే మౌఖిక సంప్రదాయంగా మారింది.

3. యంత్ర స్వభావం – లోపం వినిపించే తీరు:

నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌లోనూ క్రాంక్ రెండు చుట్లు తిరిగే లోపు ఒకసారి మంట రావాలి. అంబాసిడర్‌లోనూ, ఫియట్‌లోనూ ఆ వరుస 1-3-4-2. నిలకడగా నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కొక్క సిలిండర్ నిమిషానికి 400 సార్లు, నాలుగూ కలిసి 1600 సార్లు మండుతాయి. ఒక సిలిండర్ పూర్తిగా ఆగితే సెకనుకు ఆరేడు దెబ్బలు తగ్గుతాయి. ఇంత వేగంలో ఒక్కొక్క దెబ్బను లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. అయితే లయ చెడినట్లు చెవికి వెంటనే తెలుస్తుంది. మృదంగం వినేవాడు దెబ్బలు లెక్కపెట్టకుండానే తాళం తప్పిందని చెప్పగలగడం వంటిదే ఇది.

ఈ పాత కార్ల జ్వలనపద్ధతికి మూలం 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన బ్యాటరీ పద్ధతి. బ్యాటరీ విద్యుత్తు కాయిల్‌లోకి వెళుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు తెరుచుకున్న క్షణంలో కాయిల్ నుంచి వేల ఓల్టుల విద్యుత్తు పుడుతుంది. రోటర్ దానిని వంతులవారీగా నాలుగు వైర్లకు పంచుతుంది. పాయింట్ల దగ్గర అనవసరపు నిప్పురవ్వలు రాకుండా చూసే చిన్న డబ్బీ కండెన్సర్. నిమిషానికి 3000 చుట్ల వేగంలో పాయింట్లు సెకనుకు 100 సార్లు తెరుచుకోవాలి. వాటి మధ్య ఉండవలసిన సందు అంగుళంలో 0.015 వంతు, ప్లగ్గు సందు 0.025 వంతు.

ఈ పద్ధతిలో ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. నిర్ధారణ పరిజ్ఞానం చిన్న ఊళ్ళదాకా విస్తరించడానికి ఇదే ముఖ్యకారణం. అంగుళంలో వెయ్యో వంతులు కొలిచే గేజీ లేని షెడ్డులో హ్యాక్సా బ్లేడు ముక్క ప్లగ్గు సందుకు కొలత అయింది. ఆ బ్లేడు మందం కూడా సుమారు 0.025 అంగుళమే. పాయింట్లకు అట్టముక్క సరిపోయింది. పాయింట్ల ముఖం నునుపు చేయడానికి ఉప్పుకాగితం వాడారు. వీటిని మోటుపద్ధతులని కొట్టిపారేయడం సరికాదు. ఇవి చేతిలో ఉన్న వస్తువుతో సాధించిన కొలతలు.

4. నిర్ధారణ క్రమం:

షెడ్లలో అనుసరించే వరుసను పరిశీలిస్తే ఐదు దశలు కనిపిస్తాయి.

4.1. ఒకటా? నాలుగా?: ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తీసి పెడతారు. వైరు తీసినప్పుడు ఇంజన్ శబ్దం ఇంకా కుంగితే ఆ సిలిండర్ పనిచేస్తోందని అర్థం. తీసినా తేడా రాకపోతే తప్పు ఆ సిలిండర్‌దే. మనుషుల్లో పనిదొంగను పట్టుకునే పద్ధతి కూడా ఇదే: వాడు లేనిరోజు పని తగ్గిందా లేదా అని చూడటం. ఏ వైరు తీసినా శబ్దం ఒకేలా కుంగితే తప్పు నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నచోట వెతకాలి.

ఉపోద్ఘాతంలో ప్రస్తావించిన కారులో జరిగింది ఇదే. నాలుగు వైర్లూ సమానంగా స్పందించాయి. మెకానిక్కు అన్న మాట గమనార్హమైనది: “నాలుగూ తప్పుతాండాయంటే తప్పు తినేటోళ్ళది కాదు సార్, వడ్డించేటోడిది.” డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే పాయింట్లు మాడి గుంటలు పడ్డాయి. పాయింట్లు అలా మాడితే కండెన్సర్‌ను అనుమానించాలి. వేడెక్కిన తరువాతే అది విఫలమవుతోంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు కారు బాగానే నడిచింది. కండెన్సర్ మార్చి, పాయింట్లు రుద్ది, అట్టముక్కతో సందు సరిచూశాక కారు మిట్ట ఎక్కింది. కార్బ్యురేటర్ విప్పవలసిన అవసరమే రాలేదు.

4.2. ప్లగ్గును చదవడం: తీసిన ప్లగ్గు ముఖం ఇంజన్ లోపలి స్థితికి సాక్ష్యం. లేత ఇటుక లేదా కాఫీ రంగు ఉంటే మంట సరిగ్గా ఉన్నట్లు. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్లు. జిడ్డు మసి పడితే ఇంజన్ ‘ఆయిలు తాగుతున్నట్లు’. తెల్లగా మాడితే పెట్రోలు చాలనట్లు లేదా వేడి మితిమీరినట్లు. తప్పుతున్న సిలిండర్ ప్లగ్గును మరో సిలిండర్‌కు మార్చి చూస్తారు. లోపం ప్లగ్గు వెంట పోతే ప్లగ్గుదే తప్పు. పాతచోటే ఉంటే వైరు, మూత, వాల్వు చూడాలి.

4.3. కరెంటు: వైరు కొసను ఇంజన్ లోహానికి దగ్గరగా పెట్టి నిప్పురవ్వ చూస్తారు. చురుకైన నీలిరంగు రవ్వ బలానికి గుర్తు. పచ్చగా, సన్నగా ఉంటే కాయిల్, కండెన్సర్, పాయింట్ల మీద అనుమానం. డిస్ట్రిబ్యూటర్ మూతలో వెంట్రుకవాసి బీట పగటిపూట కనిపించదు. అందుకని చీకటి పడ్డాక బానెట్ ఎత్తి చూస్తారు. కరెంటు దారి తప్పినచోట నీలిగీత మెరుస్తుంది.

4.4. పెట్రోలు: మెకానికల్ పంపు ఇంజన్‌ను ఆనుకొని ఉంటుంది. మండుటెండలో పంపులోనూ, గొట్టంలోనూ పెట్రోలు ఆవిరై గాలిబుడగలా అడ్డుపడుతుంది. ఇంజన్ తడబడి ఆగుతుంది, కాసేపు చల్లబడితే మళ్ళీ నడుస్తుంది. పంపు మీద తడిగుడ్డ చుట్టడం ఎండప్రాంతాల డ్రైవర్లు పాటించిన ఉపాయం. కండెన్సర్ లోపమూ, ఈ ఆవిరి లోపమూ రెండూ ‘కాగినాక’ వచ్చేవే. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. తడిగుడ్డకు లొంగితే పెట్రోలు, లొంగకపోతే కరెంటు అని వేరుచేయడం అనుభవం నేర్పిన పద్ధతి.

4.5. కంప్రెషన్: హ్యాండిల్‌తో ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పితే వరుసగా నాలుగు బిగువులు చేతికి తగులుతాయి. వాటిలో ఒకటి వదులుగా ఉంటే ఆ సిలిండర్‌లో గాలి నిలవడం లేదని అర్థం. పక్కపక్క సిలిండర్లు రెండూ వదులైతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలి ఉండవచ్చు. సైలెన్సర్ గొట్టం దగ్గర కాగితం పట్టుకుంటే అది బయటికి కొట్టుకోవాలి. మధ్యమధ్య లోపలికి లాగితే ఎగ్జాస్ట్ వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదని చెబుతారు. అంబాసిడర్ వెనక అరచేయి పెట్టిన మెకానిక్కు పరీక్షించింది ఈ ఊపిరినే.

ఈ ఐదు దశల వరుస యాదృచ్ఛికం కాదు. ఖర్చులేని పరీక్ష ముందు, విప్పవలసిన పరీక్ష తరువాత. ఒకసారి హెడ్ విప్పితే గ్యాస్కెట్ మార్చాలి, కారు యజమాని డబ్బు పెట్టాలి, రోజంతా పోతుంది. పేద ప్రాంతంలో నిర్ధారణ అంటే అనవసరంగా విప్పకుండా ఉండటం. ఈ వరుసలో వృత్తినైపుణ్యంతోపాటు ఒక వృత్తిధర్మం కూడా ఉంది.

5. వృత్తిభాష నిర్మాణం:

ఈ షెడ్ల భాషను ‘ఇంగ్లీషు చెడిపోయిన రూపం’గా భావించడం పరిపాటి. నిశితంగా పరిశీలిస్తే ఇందులో మూడు పొరలు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటి పొర భాగాల పేర్లు: ప్లగ్గు, పాయింట్లు, కాయిలు, కండెన్సరు, రోటరు, కార్బేటరు, ట్యాపెట్లు. ఇవన్నీ ఇంగ్లీషు నుంచి వచ్చి తెలుగు అచ్చుతో ముగిసిన రూపాలు. వస్తువు వచ్చినప్పుడే పేరూ వచ్చింది.

రెండవ పొర పనిముట్లు, పనివాళ్ళు, పనిచోటికి సంబంధించిన పేర్లు: పానా, ఉస్తాద్, మిస్త్రీ, కచరా, ఖరాబు, మరమ్మత్తు. కర్నూలు నవాబుల ఏలుబడి, దక్కనీ ఉర్దూ మాట్లాడే పనివారి నైపుణ్యం ఈ పొరకు నేపథ్యం. మిస్త్రీ అనే మాట ‘మేస్త్రీ’ లాగే పోర్చుగీసు మూలం నుంచి వచ్చి భారతీయ భాషలన్నింటా స్థిరపడింది. ఒక్క షెడ్డులోని పదజాలంలో ఐదు శతాబ్దాల సంపర్కచరిత్ర కనిపిస్తుంది.

మూడవ పొర క్రియలు. రోగలక్షణాన్ని చెప్పేవి ఇవే, ఇవి తెలుగువే. ఎద్దులబండిని తోలినట్లే రాయలసీమలో కారునూ, జీపునూ, లారీనీ ‘తోలుతారు’. ఎద్దు ‘లాగనట్లే’ ఇంజన్ మిట్ట ‘లాగదు’. ఎద్దు ‘మొరాయించినట్లే’ కారు మొరాయిస్తుంది. దారిలో ఎద్దు ‘పండుకున్నట్లే’ బండి పండుకుంటుంది. ‘బండి’ అనే మాట కూడా చక్రాలబండి నుంచి కారుకు అలాగే వచ్చింది. నీళ్ళు కాగినట్లు ఇంజన్ ‘కాగుతుంది’. వేగం అందుకోకపోతే ‘ఎత్తుకోవడం లేదు’ అంటారు. సరఫరా లేకపోతే కరెంటు గానీ పెట్రోలు గానీ ‘అందడం లేదు’.

‘కొట్టు’ అనే ఒక్క క్రియను చూస్తే ఈ నిర్మాణం మరింత స్పష్టమవుతుంది. మిస్సింగ్ కొట్టడం, జర్కు కొట్టడం, గాలి కొట్టడం, గ్రీజు కొట్టడం, హారను కొట్టడం – వీటిలో మొదటి రెండూ యంత్రం తనంతట చేసేవి, మిగిలినవి మనిషి చేసేవి. పరాయి నామవాచకం పక్కన తెలుగు క్రియ చేరగానే ఆ మాట తెలుగు వాక్యంలో ఇమిడిపోతుంది. అలాగే ‘పట్టు’: మసి పట్టడం, తుప్పు పట్టడం, గాలి పట్టడం, చివరికి ఇంజన్ ‘పట్టేయడం’. మొదటి మూడింటిలో బయటిది వచ్చి చేరుతుంది. చివరిదానిలో కదలవలసిన భాగమే బిగుసుకుపోతుంది.

‘మిస్సింగ్’ అనే మాట విషయంలోనూ ఇదే జరిగింది. ఇంగ్లీషులో ఆ మాటకు ‘లేకపోవడం, తప్పిపోవడం’ అనే విస్తృతార్థాలు ఉన్నాయి. షెడ్డు తెలుగులో అది ‘ఇంజన్ లయ తప్పే శబ్దం’ అనే ఒకే అర్థానికి కుదించుకుంది. అంటే ఇది సాంకేతికపదంగా మారింది. అర్థసంకోచం పారిభాషికపద నిర్మాణంలో ప్రధాన లక్షణమని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. ఆ పనిని ఇక్కడ పండితులు కాక పనివారు చేశారు.

ఈ మూడు పొరల విభజన చారిత్రకంగా విలువైనది. యంత్రం పరాయిదైనా దాని బాధను తెలుసుకోవడానికి ప్రజలు అప్పటికే తమకు తెలిసిన పశువు బాధను ఆధారం చేసుకున్నారు. కొత్త విజ్ఞానం పాత అనుభవం మీదే మొలకెత్తింది.

6. 2000 తరువాత – మారిన ఇంధనం, మారిన యంత్రం:

2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. ప్రజారోగ్యం దృష్ట్యా ఇది తప్పనిసరి నిర్ణయం. అయితే పాత ఇంజన్లలో పెట్రోలులోని సీసం వాల్వు కూర్చునే అంచుకు పలుచని రక్షణపూతలా ఉండేది. అది లేకపోయేసరికి, ముఖ్యంగా ఎక్కువ బరువుతో ఎక్కువ వేగంలో నడిచినప్పుడు, ఎగ్జాస్ట్ వాల్వు అంచు అరిగి లోపలికి దిగుతుంది. ట్యాపెట్ సందు మూసుకుపోతుంది. వాల్వు పూర్తిగా మూసుకోక మిస్సింగ్ వస్తుంది. అంటే ప్లగ్గు, పాయింట్లు అన్నీ సరిగ్గా ఉన్నా ఇంజన్ తప్పవచ్చు.

రెండవ మార్పు ఇథనాల్. 2022 నాటికి పెట్రోలులో పది శాతం, 2025 నాటికి ఇరవై శాతం మిశ్రమం దేశంలో సాధారణమైంది. చెరకు, ధాన్యం పండించే రైతుకు గిరాకీ, ముడిచమురు దిగుమతిలో తగ్గింపు దీని ఉద్దేశాలు. పాత కారుకు సంబంధించి మాత్రం మూడు విషయాలు గమనించాలి. ఒకటి, పెట్రోలు సంపూర్ణంగా మండటానికి బరువులో సుమారు 14.7 రెట్లు గాలి కావాలి. ఇరవై శాతం మిశ్రమానికి సుమారు 13.5 రెట్లు చాలు. పాత కార్బ్యురేటర్ జెట్టు మారదు కాబట్టి ఇంజన్‌కు ‘పెట్రోలు చాలని’ స్థితి వస్తుంది. రెండు, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపి ఉంచిన కారు ట్యాంకులో ఇది సమస్య. మూడు, పాతకాలపు రబ్బరు గొట్టాలనూ, పంపు పొరనూ అది మెత్తబరుస్తుంది.

దీని ఫలితంగా పాత సూత్రాలు కొన్నిచోట్ల దారితప్పిస్తున్నాయి. తెల్లబారిన ప్లగ్గును చూసి జెట్టులో కచరా పడిందని మెకానిక్కు నమ్ముతాడు. జెట్టు శుభ్రంగానే ఉంటుంది, మారింది ఇంధనం. చెవి తప్పు వినలేదు, చేయి తప్పు చేయలేదు. ఆ లక్షణానికి ఇప్పుడు కొత్త కారణం చేరింది. దానికి షెడ్డు భాషలో ఇంకా పేరు స్థిరపడలేదు. పేరు లేని కారణాన్ని అనుమానించడం కష్టం.

మూడవ మార్పు యంత్రానిదే. అమెరికాలో 1996 నమూనా కార్ల నుంచి మిస్సింగ్‌ను కంప్యూటరే కనిపెట్టడం తప్పనిసరి అయింది. భారతదేశంలో కారులోనే ఉండే నిర్ధారణ వ్యవస్థ 2010 ఏప్రిల్ నుంచి, మరింత సమగ్రంగా 2013 ఏప్రిల్ నుంచి నిబంధనల్లోకి వచ్చింది. ఈ కంప్యూటర్ క్రాంక్ తిరిగే వేగంలోని అతిసూక్ష్మమైన తేడాలను కొలుస్తుంది. లోపం ఫలానా సిలిండర్‌ది అని చెప్పలేనప్పుడు పి-0300 అనే సంకేతం ఇస్తుంది. ఒకటవ సిలిండర్ అయితే పి-0301, నాలుగవది అయితే పి-0304. కంప్యూటర్ వినేది కూడా లయనే. అది మొదట తేల్చేది కూడా ‘ఒకటా, నాలుగా’ అనే ప్రశ్ననే. కోడుమూరు షెడ్డులోని ప్రశ్న ఎంత శాస్త్రీయమైనదో చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అవసరం లేదు.

తేడా ఒకటుంది. సంకేతసంఖ్య లోపం ఎక్కడుందో చూపిస్తుంది, ఎందుకు వచ్చిందో పూర్తిగా చెప్పదు. పైగా ఆ సంఖ్యను చదివే యువకుడికి తెలుగులో లక్షణం వర్ణించే అవసరం రాదు. 2014లో అంబాసిడర్ ఉత్పత్తి నిలిచిపోయింది. అంతకుముందే అద్దె కార్లు చాలావరకు డీజిల్‌కు మారాయి. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు నిప్పురవ్వ ఉండదు కాబట్టి ఈ పరిజ్ఞానంలో సగానికి అక్కడ పనిలేదు. పాయింట్ల సందు చేతితో సరిచేయగలిగినవారు ఇప్పుడు ఎక్కువగా వృద్ధులే.

7. పదకోశాల పరిధి – ఒక పరిశీలన:

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆధ్వర్యంలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. జిల్లా జిల్లాకూ తిరిగి పనివారి నోటి నుంచే మాటలు సేకరించిన ఆ కృషి భారతీయ భాషల్లోనే మార్గదర్శకమైనది. ఆ కృషి తరతరాలుగా వస్తున్న వృత్తులను కేంద్రంగా చేసుకుంది. అది సహజం, ఆనాటికి అవసరం కూడా.

మోటారు మరమ్మత్తు కులవృత్తి కాదు. తండ్రి నుంచి కొడుక్కు వచ్చినది కాదు. పదేళ్ళకో పన్నెండేళ్ళకో బడి మానిన పిల్లవాడు షెడ్డులో చేరి, పానాలు అందిస్తూ, ఉస్తాద్ చేతిని చూస్తూ నేర్చుకున్నది. ఆ బాల్యశ్రమను కీర్తించవలసిన పని లేదు. అక్కడ పుట్టిన విజ్ఞానాన్ని మాత్రం గుర్తించాలి. మాటల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషువి కావడంతో, ఇది సేకరించదగిన తెలుగు కాదనే అభిప్రాయం మనలో ఉంది. 5వ విభాగంలో చూపిన క్రియల నిర్మాణం ఆ అభిప్రాయాన్ని పునరాలోచించమంటుంది. నామవాచకాలను మాత్రమే లెక్కించే నిఘంటుదృష్టికి ఈ తెలుగు కనిపించదు. వాక్యాన్ని సేకరిస్తేనే కనిపిస్తుంది.

పాఠ్యపుస్తకాల కోసం ‘జ్వలనలోపం’ వంటి సంస్కృతసమాసాలను నిర్మించుకోవచ్చు. వాటి అవసరం వాటికి ఉంది. అయితే ఐ.టి.ఐ. విద్యార్థికి ‘జ్వలనలోపం’ చెప్పి, షెడ్డులో వాడు వినే ‘మిస్సింగ్’ను వదిలేస్తే చదువుకూ పనికీ మధ్య వంతెన ఉండదు. రెండూ పక్కపక్కనే ఉండాలి.

8. ముగింపు:

1. రాయలసీమలో మిస్సింగ్ నిర్ధారణ పరిజ్ఞానం యుద్ధకాలపు కొరత, స్వాతంత్ర్యానంతర దిగుమతి నియంత్రణ, దశాబ్దాలపాటు మారని ఇంజన్ నమూనాల వల్ల స్థిరపడిన మౌఖిక సంప్రదాయం.

2. ఖర్చులేని పరీక్ష నుంచి ఖర్చయ్యే పరీక్షకు సాగే ఐదు దశల వరుసలో తర్కమూ, వృత్తిధర్మమూ కలిసి ఉన్నాయి. ‘ఒకటా, నాలుగా’ అనే తొలిప్రశ్న నేటి కంప్యూటర్ నిర్ధారణలోనూ తొలిప్రశ్నే.

3. ఈ వృత్తిభాషలో భాగాల పేర్లు ఇంగ్లీషువి, షెడ్డు వ్యవహారపు పేర్లలో పలు ఉర్దూవి, లక్షణాలను చెప్పే క్రియలు తెలుగువి. ఆ క్రియల్లో తోలు, లాగు, మొరాయించు, పండుకొను వంటివి ఎద్దులబండి సంస్కృతి నుంచి వచ్చాయి.

4. సీసం లేని పెట్రోలు, ఇథనాల్ మిశ్రమం పాత లక్షణాలకు కొత్త కారణాలను చేర్చాయి. షెడ్డు పరిజ్ఞానమూ, ఇంధన రసాయన పరిజ్ఞానమూ ఒకచోట చేరితే తప్ప పాత కార్ల నిర్ధారణ ఇకమీద సమగ్రం కాదు.

5. మోటారు షెడ్డు తెలుగును వాక్యరూపంలో, శబ్దసహితంగా సేకరించడం తక్షణావసరం. ఇక్కడ మాట ఒక్కటీ రాసుకుంటే చాలదు, ఆ మాట ఏ శబ్దాన్ని ఉద్దేశించిందో ఆ శబ్దాన్నీ భద్రపరచాలి. లయ తప్పిన ఇంజన్, దానిని వినగలిగిన చెవి, ఆ రెండింటినీ కలిపిన మాట – మూడూ ఒకేచోట దొరికే కాలం ఇంకా కొద్దిగానే మిగిలి ఉంది.